మెట్ట రాళ్లు కట్టిన సముద్రతీరం

సముద్రపు ఒడ్డుకు వెళ్లడానికి ఎవరి అనుమతీ, రుసుమూ అక్కర్లేదన్న భావన చాలా పాతది. క్రీ.శ. 533లో జస్టీనియన్ చక్రవర్తి క్రోడీకరింపజేసిన రోమన్ న్యాయసూత్రాలు గాలి, పారే నీరు, సముద్రం, దాని ఒడ్డు అందరివీ అన్నాయి. మధ్యధరా తీరంలో పుట్టిన ఆ సూత్రాన్ని మన సుప్రీంకోర్టు 1996లో కమల్‌నాథ్ కేసు తీర్పులో ఆధారంగా తీసుకుంది. నల్లగొండ నుంచో మహబూబ్‌నగర్ నుంచో బాపట్ల దగ్గరి సూర్యలంకకో, కృష్ణ కడలిలో కలిసే హంసలదీవికో పిల్లాపాపలతో వెళ్లే కుటుంబానికి ఆ హక్కు ఉంది. అయితే హక్కు నిలవాలంటే ముందు ఒడ్డు నిలవాలి. డెల్టా తీరంలో ఆ ఒడ్డును నిలబెట్టేది నది తెచ్చిన ఇసుక. కాబట్టి సముద్రమే లేని ఈ రెండు ఉమ్మడి జిల్లాలకు తీరం సంగతి మాట్లాడే హక్కూ, పట్టించుకోవాల్సిన బాధ్యతా ఉన్నాయని నా వాదన.

కృష్ణ ఎగువన మహారాష్ట్రలో నల్లరాతి పీఠభూమి మీద పారుతుంది. ఆ బసాల్ట్‌లో క్వార్ట్జ్ దాదాపు ఉండదు. అది శిథిలమైతే మిగిలేది నల్లరేగడి. గట్టి ఇసుకరేణువు పుట్టేది గ్రానైట్, నైస్ శిలల్లోంచి. ఆ శిలలు తుంగభద్ర పరీవాహకంలోనూ, మన పాలమూరు, నల్లగొండ గుట్టల్లోనూ ఉన్నాయి. ఎండకూ వానకూ గ్రానైట్ పగిలినప్పుడు అందులోని ఫెల్డ్‌స్పార్ మెల్లగా బంకమన్నుగా మారుతుంది, క్వార్ట్జ్ మాత్రం చెక్కుచెదరక రేణువుగా మిగులుతుంది. డిండి, మూసీ వంటి ఏర్లు వానాకాలంలో ఆ రేణువులను కృష్ణలోకి దొర్లిస్తాయి. తీరంలో అలలు మెత్తని బురదను లోపలికి లాక్కుపోయి బరువైన ఇసుకను ఒడ్డున వదులుతాయి. ఈ ప్రయాణం ఇప్పుడు మధ్యలో ఆగిపోయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2010లో ప్రచురించిన లెక్క ప్రకారం 1966-69లో ఏటా సుమారు 90 లక్షల టన్నులున్న కృష్ణ ఒండ్రు, 2000-05 నాటికి 4 లక్షల టన్నులకు పడిపోయింది. 1965-2008 మధ్య కృష్ణా, గోదావరి డెల్టాల తీరం నికరంగా 76 చదరపు కిలోమీటర్లు కోసుకుపోయింది. ఒండ్రును ఆపింది ఆనకట్టలే. నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలింది 1967లో. ఆ పైన శ్రీశైలం వచ్చింది. మధ్యధరా ఒడ్డునా ఇదే జరిగింది. ఏటా పది కోట్ల టన్నులకు పైగా ఒండ్రు మోసిన నైలు, 1970లో ఆస్వాన్ ఎత్తయిన ఆనకట్ట పూర్తయ్యాక దాదాపు ఒట్టి నీరుగా మిగిలింది. రషీద్ వద్ద తీరం కిలోమీటర్ల మేర వెనక్కి పోయింది.

తుపానులు, పెరుగుతున్న సముద్రమట్టం కూడా ఒడ్డును కోస్తాయి కదా అనవచ్చు. నిజమే. కానీ తుపాను ఎత్తుకుపోయిన ఇసుకకు బదులు తర్వాతి వరదల్లో నది కొత్త ఇసుక తెచ్చేది. ఆ భర్తీయే ఇప్పుడు లేదు. ఇంతకంటే బరువైన ఆక్షేపణ మరొకటుంది. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోయిన నల్లగొండకు కృష్ణా జలాలు ప్రాణాధారం. ఎక్కడో ఉన్న బీచ్ కోసం ఆనకట్టను తప్పుపట్టడం న్యాయమా? కాదు, ఆనకట్ట ఉండాల్సిందే. అయితే తీరానికి చేరని ఒండ్రు మాయమైపోలేదు, మన జలాశయాల్లోనే కూర్చుంది. సాగర్ నిల్వ సామర్థ్యం 408 టీఎంసీల నుంచి 312కు, శ్రీశైలానిది 308 నుంచి 215కు తగ్గిందంటే కారణం ఆ పూడికే. హంసలదీవికి అందని మట్టి ఎడమ కాలువ రైతు నీటిని మింగుతోంది. ఎగువకూ దిగువకూ నష్టం ఒక్కటే.

నీరు నెమ్మదించగానే ముందుగా ఆగేది ముతక ఇసుక, అదీ జలాశయం మొదట్లోనే. దాన్ని అక్కడ తోడి ఇళ్ల కట్టుబడికి వాడితే, రోబో ఇసుకను దానికి జోడిస్తే, ఇసుక కోసం వాగులను తవ్వే ఒత్తిడి తగ్గుతుంది. వాగు ఇసుకను వదిలేసినా ఆనకట్టలు దాటి సముద్రం చేరేది కొంచెమే. అయినా వదిలేయాలి, ఎందుకంటే చెలిమెల్లోనూ చుట్టుపక్కల బావుల్లోనూ నీటిని నిలిపేది ఆ ఇసుకే. ఇక వరద మొదటి పోటులోని బురదనీటిని అడుగు తూముల గుండా వదిలే పద్ధతిని చైనా సాన్‌మెన్‌షియా ఆనకట్టను మార్చి కట్టి అమలు చేసింది. లోతైన సాగర్‌లో అది కష్టమే, కానీ ఎంత కష్టమో తేల్చేందుకైనా కొలతలు కావాలి. బచావత్ ట్రిబ్యునల్ 1973లో 2,060 టీఎంసీల నీటిని మూడు రాష్ట్రాలకు పంచింది. నది మోసే మట్టికి ఆ పంపకంలో వాటా లేదు. ఏ ఆనకట్ట దగ్గర ఎంత ఒండ్రు ఆగింది, ఎంత దాటింది అన్న లెక్కను నీటి లెక్కతో పాటే ఏటా ప్రజల ముందు పెట్టమని రెండు తెలుగు రాష్ట్రాల వాళ్లమూ కలిసి అడగాలి.