పిన్ను గుచ్చితే నెట్ రాదు

వరంగల్, హనుమకొండ, కాజీపేట కలిసిన ఈ నగరంలో ఇంటి కంప్యూటర్‌కు తీగ ద్వారా వచ్చే ఇంటర్‌నెట్ ఆగిపోయినప్పుడు ఇరుగుపొరుగు నోట వినిపించే వైద్యం ఒక్కటే: గోడకు బిగించిన డబ్బా వెనుక ఉన్న చిన్న రంధ్రంలో పిన్ను గుచ్చి, పది సెకన్లు నొక్కి పట్టి, రీసెట్ చేయడం. ఈ వైద్యం చాలా సందర్భాల్లో జబ్బును తగ్గించకపోగా రెండో జబ్బును అంటగట్టి, పూటలో చక్కబడవలసిన అంతరాయాన్ని రోజులకు సాగదీస్తోంది. దరఖాస్తు గడువు ముంచుకొచ్చిన విద్యార్థికీ, ఇంటి నుంచే కొలువు చేసుకునే ఉద్యోగికీ ఆ అదనపు రోజులు చిన్న నష్టం కాదు కనుక, ఈ అపోహను మొదలంటా పరిశీలించవలసి ఉంది.

ఇప్పుడు ఇళ్ళకు వచ్చే కనెక్షన్లలో అత్యధికం ఫైబర్‌వి. అంటే తీగ లోపల ఉండేది రాగి కాదు, వెంట్రుకంత సన్నని గాజు పోగు, దానిలో ప్రవహించేది విద్యుత్తు కాదు, కంటికి కనిపించని కాంతి. ఆ కాంతిని కంప్యూటర్‌కు అర్థమయ్యే విద్యుత్ సంకేతాలుగా మార్చే పెట్టెను ఓఎన్‌టీ అంటారు; ఇంట్లోని పరికరాలన్నిటికీ ఆ సంకేతాలను పంచిపెట్టే రౌటర్ పని కూడా సాధారణంగా అదే చేస్తుంది. కనెక్షన్ ఇచ్చిన రోజున నెట్ సంస్థ సాంకేతిక సిబ్బంది ఆ పెట్టెలో చందాదారు పేరు, సంకేతపదం, ఆ సంస్థ నెట్‌వర్క్‌లో ఏ దారిన పోవాలో తెలిపే వీల్యాన్ సంఖ్య, వైఫై పేరు, ల్యాండ్‌లైన్ ఫోన్ కూడా ఉంటే దాని వివరాలు నమోదు చేసి వెళ్తారు. రీసెట్ అన్న మాటకు అర్థం వీటన్నిటినీ చెరిపివేసి, పెట్టెను కర్మాగారం నుంచి వచ్చిన నాటి స్థితికి చేర్చడం. చెరిగిపోయిన వివరాలను పెట్టె తనంతట తాను గుర్తు తెచ్చుకోలేదు. కొన్ని పెద్ద సంస్థలు వాటిని దూరం నుంచే తిరిగి నింపే ఏర్పాటు చేసుకున్న మాట నిజమే గాని, దానికి కూడా ముందు లైను బతికి ఉండాలి.

అసలు కీడు ఇక్కడే ఉంది. వాన కురిసిన రాత్రి నెట్ పోయిందంటే, పెట్టె మీద ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్న చోట ఎర్ర దీపం మిణుకుమిణుకుమంటూ ఉండవచ్చు. ఎల్‌ఓఎస్ అంటే బయటి నుంచి రావలసిన కాంతి పెట్టెకు అందడం లేదని అర్థం. 2020 ఆగస్టులోనూ 2023 జూలైలోనూ వరంగల్ లోతట్టు కాలనీలను ముంచెత్తినంతటి వానలే అక్కరలేదు. ఒక చెట్టుకొమ్మ విరిగిపడినా, రోడ్డు పనికి వచ్చిన పొక్లెయిన్ నేలలోని తీగను తవ్విపోసినా, కోతి ఒకటి తీగ పట్టుకుని ఊగినా గాజు పోగు తెగడానికి చాలు. ఆ స్థితిలో ఇంట్లో ఉన్న పెట్టెది ఏ తప్పూ లేదు. తప్పు లేని పెట్టెలో పిన్ను గుచ్చినవారు దానిలోని వివరాలను చెరిపివేస్తారు. మరునాడు సిబ్బంది వచ్చి వీధిలో తీగను అతికి వెళ్ళిపోతారు. ఎర్ర దీపం ఆరుతుంది, పొరుగు ఇళ్ళలో నెట్ వస్తుంది, పిన్ను గుచ్చిన ఇంట్లో మాత్రం రాదు. మళ్ళీ ఫిర్యాదు, మళ్ళీ నిరీక్షణ. తీగ అతకడానికి పట్టిన కాలం ఒకటైతే, పిన్ను తెచ్చిన ఆలస్యం దానిమీద రెండోది.

రెండో సందర్భం ఇంకా బాధాకరమైనది. ఇంట్లో ఫోన్లు వైఫైతో చక్కగా పనిచేస్తూ, బల్లమీది కంప్యూటర్‌కు మాత్రమే నెట్ రాకపోతే, పెట్టె వరకూ వచ్చిన లైను నిక్షేపంగా ఉందని ఫోన్లే సాక్ష్యం చెబుతున్నాయి. లోపం పెట్టెకూ కంప్యూటర్‌కూ మధ్య ఉన్న ల్యాన్ తీగలోనో, కంప్యూటర్‌లోనో, పెట్టెకు ఉన్న ఆ ఒక్క పోర్టులోనో ఉంటుంది. ల్యాన్ తీగ చివరన ఉండే ఆర్‌జే 45 ప్లగ్గుకు చిన్న ప్లాస్టిక్ నాలుక ఉంటుంది. అది విరిగితే ప్లగ్గు పోర్టులో కూర్చున్నట్టే కనిపించి, తీగ కాస్త కదలగానే జారిపోతుంది. మంచం కాలి కింద నలిగినా, ఎలుక కొరికినా లోపలి సన్నని తీగల్లో ఒకటి తెగుతుంది. ఆ తీగలు ఎనిమిది, జంటలుగా మెలివేసి ఉంటాయి. సెకనుకు 100 మెగాబిట్ల వేగానికి నాలుగు తీగలు చాలు గాని, 1000 మెగాబిట్లకు ఎనిమిదీ కావాలి. అందుకే 200 మెగాబిట్ల ప్లాన్‌కు డబ్బు కడుతూ కంప్యూటర్‌లో ఎన్నడూ 95 దాటని వేగం చూసేవారు సంస్థను నిందించే ముందు తమ ల్యాన్ తీగను అనుమానించాలి. ఇటువంటి లోపానికి పెట్టెను రీసెట్ చేస్తే కంప్యూటర్‌కు నెట్ రాదు సరికదా, అప్పటిదాకా ఫోన్లకు వస్తున్నది కూడా పోతుంది.

ఈ నమ్మకం గాలిలోంచి పుట్టలేదు. 2005 ప్రాంతంలో టెలిఫోన్ రాగి తీగల మీద బ్రాడ్‌బ్యాండ్ మొదలైన తొలి రోజుల్లో చాలా ఇళ్ళలో చందాదారు పేరూ సంకేతపదమూ కంప్యూటర్‌లోని డయలర్‌లో ఉండేవి, వాడకందారు ప్రతిసారీ కనెక్ట్ నొక్కి లోపలికి వెళ్ళేవారు. మోడెమ్‌ను రీసెట్ చేసినా ఆ వివరాలు చెదిరేవి కావు. ఆ కాలపు అలవాటు ఈ కాలపు పెట్టెకు పనికిరాదు. దీనికి తోడు మాటల తికమక ఒకటి ఉంది. సంస్థ సిబ్బంది ఫోన్‌లో రీస్టార్ట్ చేయమంటారు, వినేవారు రీసెట్ అని వింటారు. కొందరు సిబ్బంది కూడా ఈ రెండు మాటలను తేడా లేకుండా వాడతారు. రీస్టార్ట్ అంటే నిద్రపుచ్చి లేపడం, రీసెట్ అంటే జ్ఞాపకం తుడిచివేయడం. ఇంత దూరం ఉన్న రెండు పనులను ఒకే మాటగా చలామణి చేయడం ఇకనైనా ఆగాలి.

ఇక ఆపి మళ్ళీ వేస్తే అన్నీ సర్దుకుంటాయన్న మరో ప్రసిద్ధ నమ్మకం ఉంది. దీన్ని పూర్తిగా కొట్టిపారేయాలని ఉన్నా సాంకేతిక వాస్తవం అందుకు ఒప్పుకోదు. నెలల తరబడి ఆగకుండా నడిచిన పెట్టెలో మెమొరీ నిండిపోవచ్చు. కరెంటు క్షణకాలం పోయి వచ్చినప్పుడు సంస్థ సర్వర్‌తో పాత అనుసంధానం తెగీ తెగకుండా వేలాడవచ్చు. కంప్యూటర్‌కు ఇచ్చిన చిరునామా గడువు తీరి కొత్తది అందకపోవచ్చు. ఇటువంటి వాటన్నిటినీ పెట్టె స్విచ్ ఆపి, అర నిమిషం ఆగి, తిరిగి వేయడం నిజంగానే బాగుచేస్తుంది. అయితే ఒక్కసారి చేసి చూడవలసిన పనిని పదిసార్లు చేయడం వల్ల పదిరెట్లు ఫలితం రాదు, ఎర్ర దీపం వెలుగుతుండగా చేస్తే అసలు ఫలితమే ఉండదు.

మిగిలిన నమ్మకాలకు ఎక్కువ చోటు అక్కరలేదు. బంగారు పూత ప్లగ్గు వల్ల తెగిన లైను అతకదు. ఇంట్లో పది మీటర్ల దూరానికి కేటగిరీ 8 ల్యాన్ తీగ కొనడం వృథా, కేటగిరీ 5ఈ తీగ వంద మీటర్ల వరకు గిగాబిట్ వేగాన్ని మోస్తుంది. బ్రౌజర్ చరిత్ర తుడిస్తే తీగ అతుక్కోదు. వాన నీరు గాజు పోగులోని కాంతిని షార్ట్ చేయదు. వానలో నెట్ పోవడానికి తీగ మీది బరువు, లాగుడు, కీళ్ళలో చేరిన మురికి, వీధిలోని సంస్థ పెట్టెకు కరెంటు పోవడం అసలు కారణాలు. విండోస్‌లోని నెట్‌వర్క్ రీసెట్ కూడా చివరి అస్త్రమే, అది కూడా కంప్యూటర్‌లో దాచి ఉన్న అమరికలను చెరిపివేస్తుంది.

మరి చేయవలసినదేమిటంటే, ముందు దీపాలను చదవాలి. ఎల్‌ఓఎస్ ఎర్రగా ఉంటే పెట్టె అడుగున ఉన్న ఆకుపచ్చ లేదా నీలి రంగు కొన గల సన్నని ఫైబర్ తీగ మడత పడిందో, వదులైందో పైపైన చూడవచ్చు గాని, దాన్ని ఊడదీసి కొనలోకి తొంగి చూడకూడదు. ఆ కాంతి 1490 నానోమీటర్ల పరారుణ కాంతి, కంటికి కనిపించదు కాబట్టి కన్ను తనంతట తాను మూసుకోదు. దీపాలన్నీ సవ్యంగా ఉండి కంప్యూటర్‌కు మాత్రమే నెట్ రాకపోతే, ల్యాన్ తీగను పెట్టెలోని మరో పోర్టుకు మార్చాలి, ఆపైన మరో తీగ పెట్టి చూడాలి. అప్పటికీ రాకపోతే విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొట్టాలి. అక్కడ 169.254తో మొదలయ్యే చిరునామా కనిపిస్తే, పెట్టె నుంచి చిరునామా అందక కంప్యూటర్ తనకు తానే ఒకటి కల్పించుకుందని అర్థం, అంటే లోపం కంప్యూటర్ పోర్టులోనో, పెట్టె చిరునామాలు పంచే తీరులోనో ఉండవచ్చు. 192.168తో మొదలయ్యేది కనిపిస్తే తీగ బాగుంది. అప్పుడు 8.8.8.8 అనే ఇంటర్‌నెట్ చిరునామాకు పింగ్, అంటే జవాబు కోరే చిన్న సంకేతం, పంపితే జవాబు వస్తూ వెబ్‌సైట్లు మాత్రమే తెరుచుకోకపోతే, పేర్లను సంఖ్యలుగా మార్చే డీఎన్‌ఎస్ దగ్గర చిక్కు ఉంది. దాన్ని అమరికల్లో మార్చుకోవచ్చు, పిన్ను అక్కరలేదు. రౌటర్ లేకుండా అపార్ట్‌మెంట్ స్విచ్ నుంచి తీగ నేరుగా కంప్యూటర్‌లోకి వచ్చే చోట, కొత్త కంప్యూటర్ కొన్నాక నెట్ రాలేదంటే, పాత యంత్రపు మ్యాక్ చిరునామా, అంటే దాని నెట్‌వర్క్ కార్డుకు ఉండే ప్రత్యేక సంఖ్య, ఆపరేటర్ దగ్గర ముడిపడి ఉందేమో అడగాలి.

నెట్ బాగున్న రోజునే పెట్టె అడుగున అతికించిన చీటీని ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోవడం, చందాదారు పేరూ సంకేతపదమూ సిబ్బందిని అడిగి కాగితం మీద రాసుకోవడం ప్రతి ఇంటికీ అవసరం. ఫిర్యాదు చేసినప్పుడు డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నమోదు సంఖ్య, తప్పక తీసుకోవాలి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం ఆ నంబరు ఇవ్వవలసిన బాధ్యత సంస్థదే, పరిష్కారం నచ్చకపోతే అదే సంస్థలోని అప్పీలు అధికారి వద్దకు వెళ్ళే హక్కు చందాదారుది. నెట్ రావడం లేదు అనే కంటే ఎల్‌ఓఎస్ ఎర్రగా ఉంది అని చెబితే, వచ్చే మనిషి సరైన పనిముట్లతో వస్తాడు.

చివరిగా ప్రాణాలకు సంబంధించిన అపోహ ఒకటి ఉంది. ఫైబర్‌లో కరెంటు ఉండదు కాబట్టి తెగి వేలాడుతున్న తీగను చేత్తో పక్కకు జరపవచ్చని, నిచ్చెన వేసి తామే కట్టుకోవచ్చని కొందరు అనుకుంటారు. గాజు పోగు కరెంటును మోయదన్నది నిజమే. కాని ఇళ్ళకు వచ్చే తీగల్లో బలం కోసం గాజు పోగు పక్కనే ఇనుప తీగ ఉండడం సాధారణం, అది కరెంటు స్తంభాల మీదుగానే వస్తుంది, ఎక్కడైనా కరెంటు వైరును ఆనుకుంటే ఆ ఇనుమంతా కరెంటు పారుతుంది. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో శ్రీకృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు మరణించిన తర్వాత అక్కడ స్తంభాల మీది కేబుళ్ళను విద్యుత్ సిబ్బంది పెద్దఎత్తున తొలగించారు. వరంగల్ వీధుల్లోనూ స్తంభాలకు కేబుళ్ళు కట్టలు కట్టలుగా వేలాడుతూనే ఉన్నాయి. అందువల్ల గాలివాన వెలిసిన ఉదయం నేలమీద పడి ఉన్న ఏ తీగనైనా అది నెట్ తీగ అని ఎవరు చెప్పినా పాఠకులు ముట్టుకోవద్దు, పిల్లలను దగ్గరకు పోనివ్వవద్దు. ముందు 1912కు ఫోన్ చేసి విద్యుత్ సిబ్బందికి తెలపండి, నెట్ సంస్థకు ఆ తర్వాతే.