ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో యూనివర్సిటీలో చేరారా? ఇబ్బంది వస్తే లోపల ఎవరిని కలవాలి?

తెలంగాణలో ఈ-పాస్ ద్వారా ట్యూషన్ ఫీజు (ఆర్‌టీఎఫ్), మెయింటెనెన్స్ ఫీజు (ఎంటీఎఫ్) పొందుతూ ఉస్మానియా, కాకతీయ, పాలమూరు లాంటి యూనివర్సిటీల్లో, వాటి అనుబంధ కాలేజీల్లో చదివే విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు ఈ సమాచారం.

పథకం మీ ఫీజు కడుతుంది. చేరిన తర్వాత క్లాసులో, ల్యాబ్‌లో, హాస్టల్లో మిమ్మల్ని ఎలా చూస్తున్నారనేది పథకం పరిధిలోకి రాదు. అది యూనివర్సిటీ చూసుకోవాలి. ఒకప్పుడు మంచి సారు దొరికితే పని అయ్యేది, దొరక్కపోతే లేదు. ఇప్పుడు దానికంటూ ఒక అధికారి, ఒక కమిటీ, ఒక గడువు ఉన్నాయి. మీరు వెళ్తే వినడం వాళ్ల డ్యూటీ.

ఈ నియమాలు ఎందుకు వచ్చాయి?

ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులను వేరుగా చూస్తున్నారని ఫిర్యాదులు వస్తే, ప్రొఫెసర్ సుఖదేవ్ థోరాట్ అధ్యక్షతన వేసిన కమిటీ 2007లో నివేదిక ఇచ్చింది. 2012లో యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) అన్ని ఉన్నత విద్యాసంస్థలకూ వర్తించేలా సమానత్వ నియమాలు తెచ్చింది. ప్రతి సంస్థలో సమాన అవకాశాల సెల్ ఉండాలి, వివక్ష వ్యతిరేక అధికారి ఉండాలి. అవి సరిగ్గా అమలు కావడం లేదని రోహిత్ వేముల తల్లి రాధిక గారు, ముంబైలో వైద్యవిద్య చదువుతూ చనిపోయిన పాయల్ తడ్వి తల్లి ఆబెదా గారు 2019లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులు అడగాల్సి వచ్చిందంటే పరిస్థితి ఏంటో మీరే ఆలోచించండి. నిజం చెప్పాలంటే, కొన్నిచోట్ల సెల్‌కు బోర్డు ఉంటుంది, గదికి తాళం ఉంటుంది. రాతపూర్వక ఫిర్యాదులు వస్తేనే ఆ తాళం తీస్తారు.

ఏది వివక్ష కిందికి వస్తుంది?

చాలామంది "ఇది మామూలేలే" అని వదిలేసేవే ఆ నియమాల్లో ఉన్నాయి. క్లాసులో కులం పేరు బయటికి చదవడం. "రిజర్వేషన్ క్యాండిడేట్" అని పిలవడం. మార్కులు తక్కువ వస్తే కులాన్ని ఎత్తిపొడవడం. ల్యాబ్‌లో మిగతావాళ్లకు పని ఇచ్చి మిమ్మల్ని ఊరికే కూర్చోబెట్టడం. సార్లు మీకు తక్కువ టైం ఇవ్వడం. హాస్టల్లో, మెస్‌లో, ఆటల్లో వేరుగా ఉంచడం కూడా అంతే. స్కాలర్‌షిప్ పిల్లలందరూ లేచి నిలబడండి అని ఎవరైనా అంటే తేదీ, పీరియడ్, అక్కడున్నవాళ్ల పేర్లు అదే రోజు రాసిపెట్టుకోండి. నెల తర్వాత ఎవరికీ గుర్తుండదు.

ఫీజు రాలేదని మెమో, టీసీ ఆపుతున్నారా?

ఎక్కువ మంది అడిగేది ఇదే. ముందు ఈ-పాస్‌లో మీ అప్లికేషన్ స్టేటస్ చూడండి. బయోమెట్రిక్ కాలేదని, హార్డ్ కాపీలు పంపలేదని కాలేజీ దగ్గరే ఆగిందా? అయితే అది కాలేజీ పని, అక్కడే అడగాలి. కాలేజీ దాటి వెళ్లిపోయిందా? అప్పుడు యూనివర్సిటీ కమిటీ చేసేదేమీ లేదు. జిల్లాలో మీకు సంబంధించిన సంక్షేమ శాఖ ఆఫీసుకు (ఎస్సీ, గిరిజన, బీసీ, మైనారిటీ) వెళ్లాలి. ఈ తేడా తెలియక చాలామంది రెండు ఆఫీసుల మధ్య తిరుగుతూ ఉంటారు.

"డబ్బు కట్టు, తర్వాత చూద్దాం" అని నోటిమాటగా అంటే, ఏ సంవత్సరానికి ఎంత బాకీ అని కాగితం మీద రాసిమ్మని అడగండి. స్టేటస్ ప్రింటు జతచేసి దరఖాస్తు ఇవ్వండి. ఇక అడ్మిషన్ అప్పుడు సర్టిఫికెట్లు చూసి, జిరాక్స్‌లు ఉంచుకుని, ఒరిజినల్స్ తిరిగి ఇచ్చేయాలని, తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది.

దరఖాస్తు ఎవరికి ఇవ్వాలి?

2023 యూజీసీ నియమాల ప్రకారం ప్రతి సంస్థలో విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. అందులో కనీసం ఒకరు మహిళ, కనీసం ఒకరు ఎస్సీ, ఎస్టీ లేదా బీసీ వర్గం వారు ఉండాలి. ఫిర్యాదు అందాక 15 పనిదినాల్లో కమిటీ నివేదిక ఇవ్వాలి. దాంతో మీకు న్యాయం జరగలేదనిపిస్తే 15 రోజుల్లోగా యూనివర్సిటీ అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. కులం పేరుతో జరిగినదైతే వివక్ష వ్యతిరేక అధికారికి ఇవ్వండి. లైంగిక వేధింపులకు అంతర్గత కమిటీ వేరే ఉంది. ర్యాగింగ్ అయితే 1800-180-5522కు ఫోన్ చేయండి, రాత్రి అయినా పర్వాలేదు.

దరఖాస్తు ఇంగ్లిష్‌లో రాయడం రాకపోతే తెలుగులో రాయండి. ఇలా చాలు: "నా పేరు, హాల్‌టికెట్ నంబరు, కోర్సు, ఈ-పాస్ అప్లికేషన్ నంబరు ఇవి. ఫలానా తేదీన ఫలానా చోట ఇలా జరిగింది. ఇది చేయాలని కోరుతున్నాను." రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర వేయకపోతే అదే కాగితాన్ని రిజిస్ట్రార్ పేరున స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

దివ్యాంగ విద్యార్థులకు

40 శాతం లేదా అంతకంటే ఎక్కువ వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే, 2016 చట్టం ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు, వయసులో 5 ఏళ్ల సడలింపు ఉంటాయి. పరీక్షలో రాసిపెట్టే సహాయకుడికి అర్హత ఉన్నవారికి గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలి. పరీక్ష రోజున అడిగితే కుదరదంటారు. ఎగ్జామ్ ఫీజు కట్టేటప్పుడే దరఖాస్తు ఇచ్చి ముద్ర వేయించుకోండి.