కన్ను ఎగిరింది, నరం తెగింది

“కదలొద్దు పెద్దాయనా, ఆ గుర్తునే చూడు” అంటారు కంటి లోపలి పొరలను కాంతితో స్కాన్ చేసే ఓసీటీ యంత్రం దగ్గర. గడ్డం ఆనించిన పెద్దాయన కదలడు. కన్ను మాత్రం ఆగదు. ఒకేచోట చూస్తున్నామనుకున్నా అది మెల్లగా జరుగుతూనే ఉంటుంది, సెకనుకు ఒకటి రెండుసార్లు ఎగిరిపడుతుంది.

1991లో లోకానికి తెలిసిన ఈ ఓసీటీ పద్ధతిలో కాంతి కిరణం కంటి వెనుక పొర అయిన రెటీనాను చుక్క చుక్కగా కొలుస్తుంది. రెటీనా నడిమి భాగమైన మాక్యులా చుట్టూ 6 మిల్లీమీటర్ల చదరంలో 128 గీతలు, గీతకు 512 చుక్కలు: మొత్తం 65,536. సెకనుకు 400 చుక్కలు తీసే తొలితరం యంత్రానికైతే ఇది 164 సెకన్ల పని. అంతసేపు ఎవరి చూపు నిలుస్తుంది? సెకనుకు 27,000 తీసే యంత్రానికి 2.4 సెకన్లు చాలు. అయినా కన్ను ఊరుకోదు. గీతకూ గీతకూ ఎడం 47 మైక్రాన్లు. కన్ను అర డిగ్రీ ఎగిరితే రెటీనా సుమారు 150 మైక్రాన్లు జరుగుతుంది, అంటే మూడు గీతల మేర. చిత్రంలో రక్తనాళం మెట్టులా తెగి కనిపిస్తుంది. రెటీనా మందం లెక్కలు పక్క చోటివి పడతాయి.

సవరణకు ఒక దారి, మరో కెమెరాతో రక్తనాళాలను గమనిస్తూ కిరణాన్ని కంటి వెంట నడపడం. రెండోది నాకు మరీ ముచ్చటైనది. ఒక గీత 19 మిల్లీసెకన్లలో అయిపోతుంది కనుక ఆ గీత వరకూ దాదాపు నమ్మొచ్చు. అందుకే ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా తీసి, రెండింటినీ ఒకదానితో ఒకటి సరిచూస్తారు. మార్టిన్ క్రౌస్ బృందం 2012లో దీన్ని చుక్క చుక్కకూ చేసి చూపింది. కానీ రెప్ప 0.3 సెకను మూసుకుంటే 8,100 చుక్కలు, దాదాపు 16 గీతలు గల్లంతు. రెండో స్కాన్‌లో ఆ చోటు దొరికితేనే అవి పూడతాయి. లేనిదాన్ని ఏ లెక్కా పుట్టించలేదు.

షుగరు వల్ల మాక్యులా వాచినవాళ్లకు చూపు నడుమే మసక. వాళ్లకు ఆ గుర్తే సరిగా కనపడదు, కన్ను దాన్ని వెతుక్కుంటూ తిరుగుతుంది. స్కాన్ ఎక్కువ అవసరమైనవాళ్లకే అది ఎక్కువ చెడుతుందన్నమాట. స్కాన్ కోసం కడప నుంచి కర్నూలుకు వచ్చే ముసలాయన ఉన్నాడనుకోండి, దూరం సుమారు 200 కిలోమీటర్లు. చెడిన స్కాన్ కోసం మళ్లీ రమ్మంటే ఆ ముసలాయనకు రెండు బస్సు ఛార్జీలు, తోడొచ్చినవాళ్లకు ఒక రోజు కూలి పోతాయి.

కాబట్టి ముందే రెండుమూడుసార్లు రెప్పలార్పమనాలి, ఎండకు ఆరిన కంటికి తడి అందుతుంది. స్కాన్ అయ్యాక, ఆయన కుర్చీ దిగకముందే, తెరమీద రక్తనాళాలు ఎక్కడైనా తెగాయేమో చూడాలి. తెగితే అప్పుడే మళ్లీ తీయాలి.