ఇంటింట నిలిచిన క్రిస్మసు పాట



సంక్రాంతికి గొబ్బిపాటలు ఎట్టివో, క్రైస్తవ కుటుంబములకు క్రిస్మసు పాటలు అట్టివి. పిండివంట ఆ పూటతో తీఱును. పాట తల్లినుండి బిడ్డకు సంక్రమించును. కాని నిలుపుకొన్న యింటనే నిలుచును. మా యింటిల్లిపాదికిని ప్రియమైన యొక పాట చరిత్రముచే ఈ సంగతిని మనవి చేసెదను.

జర్మను భాషలో ఆ పాటను ‘స్టిల్లె నాఖ్ట్’ అందురు. ‘నిశ్శబ్దమైన రాత్రి’ యని యర్థము. ఆస్ట్రియా దేశమున సాల్జ్‌బర్గు నగరమునకు సమీపముగా, సాల్జాఖ్ నది యొడ్డున, ఓబర్న్‌డార్ఫ్ అను చిన్న యూరు కలదు. 1818వ సంవత్సరము డిసెంబరు 24వ తేదీ రాత్రి అచ్చటి చర్చిలో ఈ పాట మొట్టమొదట వినబడెను. పదములు కూర్చినవాడు జోసెఫ్ మోర్ అను యువ పురోహితుడు. ఆయన వానిని 1816లోనే వ్రాసియుంచెను. నెపోలియను యుద్ధములు ముగిసి అప్పటికి ఒక్క యేడే గడచినది. ఆ యేట వేసవి చల్లబడి, పంటలు చెడి, యూరపు ఖండమున పలుచోట్ల కఱవు వచ్చెను. అట్టి దినములలో పుట్టిన పాట, పసిబిడ్డను నిద్రపుచ్చు జోలపాటవలె నుండుట గమనింపదగినది.

దానికి వరుస కట్టినవాడు పొరుగూరి బడిపంతులు ఫ్రాన్జ్ గ్రూబరు. మోర్ గిటారు వాయించుచుండగా ఇరువురును కలిసి పాడిరి. చర్చిలోని ఆర్గను వాద్యమును ఎలుకలు కొఱికినందున గిటారు పట్టవలసి వచ్చెనని యొక కథ కలదు. గ్రూబరు స్వయముగా వ్రాసిన వృత్తాంతమున ఆ మాటయే లేదు.

ఈ పాటను లోకమున వ్యాపింపజేసినది పండితసభలు కావు, కుటుంబములే. తిరోల్ ప్రాంతమున జిల్లర్ లోయలో చేతితొడుగులు కుట్టి యమ్ముకొను స్ట్రాసర్ వారు ఉండిరి. ఆ తోబుట్టువులు లైప్‌జిగ్ నగరపు సంతకు సరకుతోపాటు ఈ పాటనుగూడ కొనిపోయిరి. ఆ లోయవారే యైన రైనర్ కుటుంబమువారు 1839లో న్యూయార్కు నగరమున పాడిరి.

పాట పెరిగినకొలది కర్తల పేర్లు మఱుగుపడెను. గొప్పపాట గొప్పవారిదే కావలెనని తలచి, కొందఱు దానిని హైడన్‌దనిరి. బెర్లిను రాజాస్థానమునుండి విచారణ రాగా, 1854లో గ్రూబరు జరిగినదంతయు వ్రాసి పంపెను. అప్పటికి మోర్ గతించి ఆఱేండ్లైనది. 1995లో మోర్ స్వహస్తముతో వ్రాసిన ప్రతి దొరకెను. పదములు తనవనియు, వరుస గ్రూబరుదనియు ఆయన దానిపై వ్రాసియుంచెను. ఆ యొక్క పంక్తి స్నేహితుని కీర్తిని కాపాడినది.

ఈ పాట తెలుగులోనికిని వచ్చి ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ అను గ్రంథమున చేరినది. అందే పురుషోత్తమ చౌదరిగారివంటి మనవారు రాగతాళములతో రచించిన కీర్తనలును కలవు. మా యింట ఈ రెండును పాడుదుము. విదేశపు వరుస మా పిల్లలకు లోకమంతయు ఒక్క యిల్లని తెలుపును. మన రాగము తాము ఏ నేల బిడ్డలో తెలుపును.

మా అమ్మమ్మగారికి చదువు రాదు. ఆమె చెవితో నేర్చి పాడెడి క్రిస్మసు కీర్తన యొకటి యే పుస్తకమునను మాకు కానరాలేదు. దానికి అయిదు చరణములు. నేడు మా కుటుంబమున నాలుగే వచ్చును. అయిదవది ఆమెతోనే పోయినది. ‘స్టిల్లె నాఖ్ట్’కు ఆఱు చరణములుండగా సామాన్యముగా మూడే పాడుదురు. అయినను మిగిలినవి కాగితముపై నున్నవి గనుక, కోరినవారు మరల పాడుకొనగలరు. మా అయిదవ చరణమునకు ఆ భాగ్యము లేదు.

కావున పెద్దలకు నా మనవి. యంత్రము పాడుచుండగా వినుట సులభమే. కాని బిడ్డ గొంతుకు పాట పట్టుబడవలెనన్న ఇంటి పెద్ద నోరు విప్పవలెను. క్రిస్మసు కీర్తనయే కానిండు, గొబ్బిపాటయే కానిండు, మంగళహారతియే కానిండు, మీ యింట పాడు ప్రతిపాటను ఒక పుస్తకమున వ్రాయింపుడు. రాగమేదో, తాళమేదో, ఎవరు నేర్పిరో, ఏ యేట నేర్పిరో దాని క్రింద చేర్పుడు. ఆ పంక్తి రేపు మీ మనుమల చేతికి అందును.