శిథిలాల నడుమ నిత్యజీవనం: దృశ్యచిత్రాల్లో మనిషి స్థానం – పాతబస్తీ నేపథ్యం

ప్రవేశిక

ప్రాచీన కట్టడాల దృశ్యచిత్రాల్లో కట్టడంతోపాటు మనుషులూ కనిపిస్తారు. బట్టలుతికే స్త్రీ, పశువుల కాపరి, బండి తోలే వ్యక్తి వంటి ఈ చిన్న ఆకృతులను చిత్రకళా పరిభాషలో ‘స్టాఫేజ్’ అంటారు. వీరిని కట్టడం పరిమాణాన్ని సూచించే కొలతగానో, దృశ్యానికి అలంకారంగానో చూడడం పరిపాటి. అయితే వీరిని ఆ స్థలంలోని జీవనానికి సాక్ష్యంగా చదవాలన్నది ఈ వ్యాస ప్రతిపాదన. హైదరాబాద్ పాతబస్తీ అందుకు బలమైన ఆధారం.

చిత్రణ సంప్రదాయం

పదిహేడవ శతాబ్దంలో క్లాడ్ లొరైన్ చిత్రించేనాటికి రోమ్‌లోని ప్రాచీన ఫోరమ్‌కు ‘కాంపో వాక్కినో’, అంటే ఆవుల మైదానం అనే పేరు స్థిరపడింది. చక్రవర్తుల సభాస్థలి పశువుల సంతగా మారింది. తరువాతి శతాబ్దంలో హ్యూబర్ రొబేర్ శిథిల తోరణాల కింద చాకిరేవులను చిత్రించాడు. ఈ దృష్టినే థామస్, విలియం డేనియల్‌లు భారతదేశానికి అన్వయించారు. 1795–1808 మధ్య వెలువడిన వారి ‘ఓరియంటల్ సీనరీ’లో 144 చిత్రాలున్నాయి. వాటి శీర్షికలు ప్రధానంగా కట్టడాలను, స్థలాలను పేర్కొంటాయి. వాటి చెంత నిలిచిన సామాన్యుడు అనామకుడే.

పాతబస్తీ చెప్పే పాఠం

పాతబస్తీ విషయంలో ‘శిథిలం’ అన్న మాటే పూర్తిగా సరిపోదు. 1687లో మొగలుల వశమైన గోల్కొండ రాజధానీ వైభవాన్ని కోల్పోయింది. కానీ దాని వెలుపలి ప్రాకారం లోపల నేటికీ బస్తీలున్నాయి. 1591 నాటి చార్మినార్ పక్కనే లాడ్‌బజార్‌లో లక్కగాజులు అమ్ముతారు. దానికి ఉత్తరాన, గుల్జార్ హౌజ్ చుట్టూ ఉన్న నాలుగు కమాన్లను ఆనుకుని దుకాణాలు నడుస్తున్నాయి. లాలా దీన్‌దయాళ్ (1844–1905) తీసిన ఛాయాచిత్రాల్లోనూ చార్మినార్ వీధి బండ్లతో, బాటసారులతో కనిపిస్తుంది. ఇక్కడ మనిషి కట్టడానికి కొలత కాదు. దాన్ని వాడుకలో నిలిపిన కర్త.

ఈ తేడా కేవలం సౌందర్యశాస్త్ర సంబంధమైనది కాదు. మనిషిని అలంకారంగా భావిస్తే, అవసరం లేదనుకున్నప్పుడు తొలగించడమూ సులభమే. 2011లో హంపి విరూపాక్షాలయం ఎదుటి బజారు మండపాల్లో నివసించే కుటుంబాలను ఖాళీ చేయించారు. చార్మినార్ పరిసరాలను పాదచారులకు కేటాయించే పథకంలోనూ చిరువ్యాపారుల స్థానం చర్చనీయాంశమైంది. జనరహితమైన కట్టడమే నిజమైన వారసత్వమన్న భావన ఈ రెండు సందర్భాల వెనుకా ఉంది. కట్టడానికి రక్షణ అవసరమే. ఆ రక్షణలో నివాసికి చోటుండడమూ అంతే అవసరం.

ముగింపు

శిథిల దృశ్యాన్ని పరిశీలించే పరిశోధకుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. చిత్రంలోని మనిషి ఏ పని చేస్తున్నాడు? ఆ పనికి కట్టడం ఎలా ఉపయోగపడుతోంది? శీర్షిక అతణ్ణి గుర్తించిందా? కొడాలి వేంకట సుబ్బారావు ‘హంపీ క్షేత్రము’ వంటి, గతవైభవాన్ని తలచి విలపించే తెలుగు కావ్యాలకూ ఈ ప్రశ్నలను అన్వయించవచ్చు. అప్పుడు గతించిన రాజుల కథతోపాటు, ఆ రాళ్ల నీడన బతుకుతున్నవారి చరిత్ర కూడా అధ్యయన పరిధిలోకి వస్తుంది.