పాత బైక్‌కి క్రాష్ గార్డ్ వేయిస్తున్నారా? మెరుపు కాదు.. ముందు బోల్టులు చూడండి!

రోడ్డు మీద కాస్త ఇసుక, వానకు జారే బురద, మలుపులో సడన్‌గా అడ్డొచ్చిన కుక్క.. బైక్ పక్కకు పడటానికి ఇవి చాలు. అలా పడినప్పుడు వంద కిలోలు దాటిన బండి వచ్చి పడేది నేరుగా కాలి మీదే. ఆ బరువును కాలి మీద పడకుండా ఆపేదే క్రాష్ గార్డ్. మన దగ్గర చాలామంది దీన్నే లెగ్ గార్డ్ అంటారు.

కానీ పదేళ్లు దాటిన బండ్లలో ఈ గార్డ్ తుప్పు పట్టి ఉంటుంది, లేదంటే వంగిపోయి ఉంటుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండికైతే అసలు ఉండకపోవచ్చు కూడా. మరి తక్కువ ఖర్చులో సరైన గార్డ్ ఎలా ఎంచుకోవాలి? చూద్దాం.

గార్డ్ ఏం చేస్తుంది? ఏం చేయదు?

నెమ్మదిగా వెళ్తూ జారిపడినా, ఆగి ఉన్న బండి ఒరిగిపోయినా గార్డ్ ముందుగా నేలకు తగులుతుంది. దాంతో బండికి, రోడ్డుకి మధ్య కాలు పట్టేంత ఖాళీ మిగులుతుంది. పాదం, చీలమండ నలగకుండా ఉంటాయి. ఇంజిన్ కవర్, గేర్ రాడ్, బ్రేక్ పెడల్‌కి దెబ్బ తగ్గుతుంది.

అయితే హైవేలో 80 స్పీడ్‌లో లారీనో, కారునో ఢీకొడితే మాత్రం గార్డ్ పెద్దగా కాపాడలేదు. అక్కడ ప్రాణం నిలబెట్టేది హెల్మెట్, బ్రేకులు, మీ స్పీడే.

ఎక్కడ దొరుకుతుంది?

తక్కువ ఖర్చులో మూడు దారులున్నాయి.

మొదటిది, కంపెనీ స్పేర్ పార్ట్స్ షాప్. మోడల్ ఆగిపోయినా కొన్ని పార్టులు ఇంకా వస్తుంటాయి. ఆర్‌సీలో ఉన్న మోడల్ పేరు, తయారైన సంవత్సరం చెప్పి అడగండి.

రెండోది, లోకల్ కంపెనీల గార్డులు. హైదరాబాద్‌లో రాణిగంజ్, కోఠి దగ్గర పుత్లీబౌలి, విజయవాడలో ఆటోనగర్ లాంటి చోట్ల స్పేర్ పార్టుల షాపులు వరుసగా ఉంటాయి. మామూలు వంద సీసీ బండ్ల గార్డులు మిగతా బైక్‌ల వాటికంటే చవకగానే దొరుకుతాయి. రెండు మూడు షాపుల్లో రేటు అడిగాకే కొనండి.

మూడోది, పాత సామాన్ల షాపులో దొరికే ఒరిజినల్ గార్డ్. దీని ఖర్చు ఇంకా తక్కువ. కానీ పైపు ఎక్కడైనా నొక్కుకుపోయి ఉన్నా, వంగినదాన్ని కొట్టి సరిచేసినట్టు కనిపించినా, వెల్డింగ్ దగ్గర తుప్పు పొరలుగా ఊడుతున్నా వదిలేయండి. ఒకసారి మడత పడిన పైపును నిటారుగా చేసినా, మళ్లీ దెబ్బ తగిలితే అక్కడే వంగుతుంది.

కొనే ముందు ఈ 5 చెక్ చేయండి

1. మోడల్ కరెక్టా? స్ప్లెండర్ ప్లస్, సూపర్ స్ప్లెండర్.. పేర్లు దగ్గరగానే ఉన్నా ఇంజిన్లు వేరు. ఒకదాని గార్డ్ ఇంకోదానికి సరిపోతుందని అనుకోవద్దు. వీలైతే బండి తీసుకెళ్లి పెట్టి చూశాకే డబ్బులివ్వండి.

2. పైపు మందం ఎంత? బయట క్రోమ్ మెరుపు చూసి మోసపోవద్దు. ఒకే సైజులో ఉన్న రెండు గార్డులు చేత్తో పట్టుకుని చూడండి. మరీ తేలిగ్గా ఉంటే పైపు పల్చన అని అర్థం. క్లాంప్ పట్టీ కూడా చేత్తో వంచితే వంగేలా ఉండకూడదు.

3. బోల్టులు సరిపోతున్నాయా? చాలా బండ్లలో గార్డ్ పైభాగం ఛాసిస్ పైపుకి క్లాంప్‌తో, కిందిభాగం ఇంజిన్ ముందు బోల్టుతో బిగుస్తుంది. గార్డ్ పట్టీ అదనంగా చేరడంతో పాత బోల్టు పొట్టిదైపోతుంది. బిగించాక నట్టు బయటికి రెండు మూడు మరలైనా కనిపించాలి. లేదంటే పొడవు బోల్టు వేయించండి.

4. ఏదైనా తగులుతోందా? హ్యాండిల్ పూర్తిగా అటూ ఇటూ తిప్పండి. ముందు బ్రేక్ పట్టి ఫోర్క్ కిందికి నొక్కండి. టైరు, మడ్‌గార్డ్ గార్డ్‌కి తగలకూడదు. గేర్, బ్రేక్ పెడల్ తొక్కేటప్పుడు కాలికి అడ్డు రాకూడదు.

5. వెడల్పు ఎంత? హ్యాండిల్ కంటే బయటికి వచ్చేంత వెడల్పు వద్దు. ట్రాఫిక్‌లో పక్కవాళ్ల కాళ్లకు తగులుతుంది. పైపు చివరలు కూడా పదునుగా ఉండకూడదు, మూసి ఉండాలి.

ఛాసిస్‌కి వెల్డింగ్ వద్దు

గార్డ్ సెట్ కావట్లేదని కొందరు నేరుగా ఛాసిస్‌కే వెల్డింగ్ పెట్టించేస్తుంటారు. ఇది ప్రమాదం. ఆ వేడికి ఛాసిస్ పైపు అక్కడ బలహీనపడొచ్చు. పైన పెట్రోల్ ట్యాంక్ ఉంటుందన్నది మర్చిపోవద్దు. పైగా బండి పడినప్పుడు దెబ్బ గార్డ్‌తో ఆగకుండా నేరుగా ఛాసిస్‌కి వెళ్తుంది. గార్డ్ వంగితే మార్చుకోవచ్చు. ఛాసిస్ వంగితే ఖర్చు వేరే లెవెల్‌లో ఉంటుంది. పట్టీకి రిపేర్ కావాలంటే గార్డ్ ఊడదీసి, బండికి దూరంగా వెల్డింగ్ చేయించండి.

రూల్స్ ఏం చెప్తున్నాయి?

2017 డిసెంబర్‌లో కేంద్ర రవాణా శాఖ వాహనాలకు అనుమతి లేని క్రాష్ గార్డులు, బుల్ బార్లపై చర్యలు తీసుకోవాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. అప్పట్లో చర్చ ఎక్కువగా కార్లు, జీపుల ముందు పెట్టే బుల్ బార్ల మీదే నడిచింది. అయినా మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్లు మారిపోయేలా బండిని మార్చకూడదు. కాబట్టి మీ మోడల్ కోసం చేసిన, బోల్టులతో బిగించే గార్డే మంచిది.

వెనక ఉండే శారీ గార్డ్ సంగతి వేరు. కేంద్ర మోటారు వాహనాల రూల్ 123 ప్రకారం వెనక చక్రంలో కనీసం సగం కప్పేలా రక్షణ ఉండాలి. చీర కొంగు, చున్నీ చక్రంలో చుట్టుకోకుండా కాపాడేది ఇదే. పాత బండికి అది ఊడిపోయి ఉంటే క్రాష్ గార్డ్‌తో పాటే వేయించేయండి.

బిగించాక కూడా..

ఇంజిన్ వైబ్రేషన్‌కి బోల్టులు లూజ్ అవుతాయి. వారం తర్వాత ఒకసారి, ఆ తర్వాత ప్రతి సర్వీసింగ్‌కి మెకానిక్‌తో టైట్ చేయించండి. పాల క్యాన్లు, బరువైన సంచులు గార్డ్‌కి తగిలించొద్దు. లాంగ్ డ్రైవ్‌లో కాళ్లు చాపి గార్డ్ మీద పెట్టడం అసలే వద్దు. బ్రేక్ మీదికి కాలు వచ్చేలోపే జరగాల్సింది జరిగిపోతుంది.

ఒకసారి గట్టిగా పడ్డాక గార్డ్ వంగితే దాని పని అయిపోయినట్టే. కొత్తది వేయించండి. హ్యాండిల్ ఒకవైపు లాగుతుంటే ఛాసిస్, ఫోర్క్ కూడా చెక్ చేయించాలి.

చేతిలో డబ్బు తక్కువగా ఉంటే దేనికి ముందు ఖర్చు పెట్టాలి? ఐఎస్ఐ మార్క్ హెల్మెట్ లేకపోతే ముందు అది. తర్వాత అరిగిన బ్రేక్ షూలు, నున్నగా అయిపోయిన టైర్లు. ఆ తర్వాతే గార్డ్. ఎందుకంటే గార్డ్ పని బండి పడ్డాక మొదలవుతుంది, బ్రేకులు, టైర్లు బాగుంటే అసలు పడకుండానే బయటపడొచ్చు.