నైవేద్యం నేర్పే పథ్యం

దేవునికి నివేదించనిదే ముద్ద నోట పెట్టని సంప్రదాయం మనది. తొలి ఏకాదశికి జొన్న పేలాల పిండి, శ్రావణంలో నానబెట్టిన శనగల వాయనం, వినాయక చవితికి ఆవిరిపై ఉడికిన కుడుములు, బతుకమ్మకు నువ్వుల సద్ది, మలీద, శ్రీరామనవమికి వడపప్పు... ఏ పండుగకు ఏది నివేదించాలో పెద్దలు నియమం ఏర్పరచారు. ఆ వరుసను నిదానంగా పరిశీలిస్తే ఒక విశేషం బోధపడుతుంది. అందులో జొన్న ఉంది, పెసర ఉంది, శనగ ఉంది, నువ్వు ఉంది. ఈ నేలపై రైతు పండించి నిత్యం భుజించిన ధాన్యాలే పండుగనాడు దేవుని సన్నిధికి చేరాయి. నేడు అవి నైవేద్యపు పళ్లెంలోనే మిగిలిపోయాయి. నిత్యం భుజించే కంచంలో మాత్రం తెల్లని అన్నమే రాశిగా కనిపిస్తోంది. మధుమేహం ఇంటింటి మాట కావడానికి గల కారణాలలో ఇదీ ఒకటి.

గటక నుంచి అన్నానికి

పెద్దపల్లి, సుల్తానాబాద్, మంథని ప్రాంతాలలో వృద్ధులను అడిగి చూడండి. జొన్న గటక, జొన్న రొట్టె, అంబలి నాటి నిత్యాహారమని, వరి అన్నం పండుగకో, చుట్టం వచ్చిన నాటికో వండుకునేవారమని చెబుతారు. 1963లో పోచంపాడు వద్ద శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. తర్వాతి దశాబ్దాలలో కాకతీయ కాలువ గోదావరి జలాలను కరీంనగర్ ప్రాంతానికి తెచ్చింది. మెట్ట చేలు వరి మళ్లయ్యాయి. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చింది. ఆకలి తీరింది. ఆ మేలును మరువరాదు.

అయితే వరితో పాటు మరి రెండు మార్పులు వచ్చాయి. మిల్లులో బియ్యం తెల్లబడిన కొద్దీ తవుడు, దానితో పాటు పీచు తొలగిపోయాయి. పొలంలో, ఇంట్లో యంత్రాలు వచ్చిన కొద్దీ దేహశ్రమ తగ్గింది. పీచు లేని అన్నం త్వరగా అరిగి రక్తంలో చక్కెరను వేగంగా పెంచుతుంది. ఆ చక్కెరను అదుపు చేసే ఇన్సులిన్‌ను క్లోమగ్రంథి స్రవించాలి. నడుము చుట్టూ కొవ్వు పేరుకున్న దేహంలో ఆ ఇన్సులిన్ సరిగా పనిచేయదు. ఏళ్ల తరబడి ఇలా సాగితే క్లోమం అలసిపోతుంది. అన్నంలో దోషం లేదు. దోషమంతా దాని పరిమాణంలోను, దాని పక్కన కూర, పప్పు కరవు కావడంలోను ఉంది.

భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన అధ్యయనం 2023లో వెలువడింది. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని, మరో 13.6 కోట్ల మంది దాని గడపలో ఉన్నారని అది అంచనా వేసింది. గడపలో ఉన్నవారు వెనుదిరగవచ్చు. ఆహార నియమం అత్యధికంగా ఫలించేది ఆ దశలోనే.

ప్రాచీనుల హెచ్చరిక

ఈ వ్యాధి మన శాస్త్రాలకు కొత్తది కాదు. చరకుడు ప్రమేహానికి కారణాలు చెబుతూ సుఖంగా కూర్చుని ఉండటం, అతినిద్ర, కొత్త ధాన్యం, బెల్లపు వంటకాలు మొదలైనవాటిని పేర్కొన్నాడు. పథ్యంగా యవలకు ప్రాధాన్యమిచ్చాడు. సుశ్రుతుడు ఈ రోగాన్ని రెండు విధాలుగా విభజించాడు. ఒకటి పుట్టుకతో సంక్రమించేది, రెండవది అపథ్యం వల్ల కలిగేది. రెండవదాన్ని నివారించుకోవడం మన చేతిలో ఉన్నదని దీనివల్ల గ్రహించాలి. భగవద్గీత ఆరవ అధ్యాయంలో శ్రీకృష్ణ పరమాత్మ అతిగా తినేవానికి గాని, బొత్తిగా తిననివానికి గాని యోగం సిద్ధించదని బోధించాడు. యుక్తాహారమే ఉభయతారకం.

నేటి వైద్యశాస్త్రం అదే మాటను లెక్కలతో నిరూపించింది. అమెరికాలో జరిగిన పరిశోధన ఫలితాలు 2002లో వెలువడ్డాయి. మితాహారం, నడక, బరువు తగ్గడం వల్ల మధుమేహం వచ్చే ముప్పు 58 శాతం తగ్గింది. చెన్నై వైద్యులు 531 మందిపై జరిపిన పరిశోధన 2006లో ప్రచురితమైంది. ఆహారం, వ్యాయామాలలో మార్పుతోనే ముప్పు దాదాపు 28 శాతం తగ్గినట్లు అందులో తేలింది.

కంచం ఎలా ఉండాలి?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సవరించిన మార్గదర్శకాలు వెలువరించింది. రోజుకు రెండు వేల కేలరీలు అవసరమైన వ్యక్తికి ధాన్యాలు 250 గ్రాములు, పప్పుధాన్యాలు 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు ఉండాలని సూచించింది. ఇవి వండక ముందు తూకాలు. మన ఇళ్లలో కూర, అన్నం పక్కన నంజుడుగా మిగిలింది. ఆ వరుస తిరగబడాలి. కంచంలో సగం కూరలు, పావు వంతు పప్పు లేదా గుడాలు, మిగిలిన పావు వంతు అన్నమో, రొట్టెనో ఉంటే చాలు.

ఇందుకు అరుదైన వస్తువులేవీ కొననక్కరలేదు. పుంటికూర పప్పు, తోటకూర, చింతచిగురు, బీర, సొర, కాకర, బబ్బెర గుడాలు, మొలకెత్తిన పెసర్లు, ఉలవచారు అన్నీ మన అంగడిలో దొరికేవే. ముందు కూర, పప్పు తిని తర్వాత అన్నం కలుపుకుంటే చక్కెర నిదానంగా పెరుగుతుంది. రోజుకు ఒక పూట జొన్న రొట్టె మేలు. జొన్న మంచిదని నాలుగైదు రొట్టెలు తింటే మాత్రం ప్రయోజనం ఉండదు. అందులోనూ పిండిపదార్థమే అధికం.

ప్రసాదం, ఉపవాసం

ఓదెల మల్లన్నకు బోనం సమర్పించినా, ఇంట సత్యనారాయణ వ్రతం ఆచరించినా ప్రసాదాన్ని కళ్లకద్దుకుని చిటికెడు స్వీకరిస్తే పుణ్యం పూర్ణమే. భక్తికి కొలత గిన్నెడు కాదు. బెల్లం చక్కెర కంటే సురక్షితమన్న నమ్మకం కూడా సరికాదు. రక్తంలో రెండూ ఇంచుమించు ఒకే పని చేస్తాయి.

ఏకాదశినాడు అన్నం మాని, సగ్గుబియ్యం ఉప్మా, ఆలుగడ్డ వేపుడు, తీపి పదార్థాలు కడుపు నిండా తింటే ఉపవాసపు ఉద్దేశం నెరవేరదు. ఒకటి రెండు పండ్లు, పాలు, నానిన పెసరపప్పుతో ఆ పూట గడపవచ్చు. ఇప్పటికే మాత్రలు, ఇన్సులిన్ వాడుతున్నవారు వైద్యుని సలహా లేకుండా ఉపవసించరాదు. చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు.

మరొక మాట ఇల్లాలి గురించి చెప్పాలి. అన్నం పరబ్రహ్మ స్వరూపమన్న భావనతో, వృథా కారాదని, అందరి తర్వాత మిగిలిన అన్నమంతా తానే తినే తల్లులు ఎందరో ఉన్నారు. కూర అప్పటికే అయిపోయి ఉంటుంది. ఇంటిల్లిపాదిలో అత్యధికంగా అన్నం, అత్యల్పంగా కూర ఆమెకే దక్కుతుంది. గర్భిణిగా ఉన్నప్పుడు చక్కెర పెరిగిన స్త్రీకి తర్వాతి కాలంలో మధుమేహం వచ్చే అవకాశం మరింత ఎక్కువ. కొలిచి వండటం, ఆమె పాలు కూర ముందే తీసి ఉంచటం అన్నపూర్ణకు మనం చేసే నిజమైన అర్చన.

ముప్ఫై ఏళ్లు దాటినవారు, తల్లిదండ్రులకు మధుమేహం ఉన్నవారు ఏడాదికొకసారి పరగడుపున రక్తపరీక్ష చేయించుకోవాలి. ఫలితం 100 నుంచి 125 మధ్య ఉంటే గడపలో ఉన్నట్టు. 126 లేదా అంతకు మించితే వైద్యుడు మరో పరీక్షతో నిర్ధారిస్తారు. వారానికి 150 నిమిషాల వేగపు నడక ఆహార నియమానికి తోడు కావాలి. ఉదయం గుడికి నడిచి వెళ్లే అలవాటుతో దీన్ని ప్రారంభించవచ్చు.

దేవుని ముందు పెట్టిన జొన్న, పెసర, శనగలు మన వంటింటికి పరాయివి కావు. శ్రావణానికి కొన్న శనగలు మాసం ముగిసినా డబ్బాలో ఉండనివ్వండి. తొలి ఏకాదశికి తెచ్చిన జొన్నలు ఏడాది పొడవునా తెచ్చుకోండి.